లోతు ఉప్పునీటిలో అణు వ్యర్థాల గాజు ఎంతకాలం నిలుస్తుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. అధిక తీవ్రత గల అణు వ్యర్థాలను బోరోసిలికేట్ గాజులో కలిపి, స్టీలు డబ్బాల్లో పోసి, కొన్ని వందల మీటర్ల లోతున దాచాలన్నది చాలా దేశాల ఆలోచన. చాలాచోట్ల లోతుకు వెళ్లేకొద్దీ భూగర్భజలం ఉప్పెక్కుతుంది. 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచిన క్షయ వేగం (చదరపు మీటరుకు రోజుకు సుమారు 1 గ్రాము) తీసుకుని, 400 కిలోల గాజు ఉన్న ఒక డబ్బాకు లెక్క వేస్తే దాదాపు 650 ఏళ్లలో గాజంతా అయిపోతుందని మీకు వచ్చింది. ఉప్పునీటిలో ఇంకా తొందరగా పోతుంది కదా, మరి లక్షల ఏళ్లు నిలుస్తుందని ఏ ధైర్యంతో చెబుతారు అన్నది మీ ప్రశ్న.

మీ గణితంలో తప్పు లేదు. 43 సెంటీమీటర్ల వ్యాసం, సుమారు 1 మీటరు ఎత్తు ఉన్న గాజు దిమ్మ బయటి ఉపరితలం 1.7 చదరపు మీటర్లు ఉంటుంది. ఏడాదికి 620 గ్రాముల చొప్పున పోతే 650 ఏళ్లే. ఇబ్బంది అంతా మీరు తీసుకున్న వేగంతోనే. అది గాజు చుట్టూ సిలికా (గాజుకు మూలమైన సిలికాన్ ఆక్సైడ్) లేని తాజా నీరు ఎప్పటికప్పుడు మారుతూ ఉన్నప్పుడు కొలిచే తొలి వేగం. ప్రయోగశాలలో పంపు పెట్టి పనిగట్టుకుని అలాంటి పరిస్థితి తెప్పిస్తాం. భూమి లోతున నీరు అలా పరుగెత్తదు.

నిలిచిన నీటిలో జరిగేది వేరు. మొదట నీటిలోని హైడ్రోజన్ అయాన్లు గాజులోకి చొరబడి, సోడియం, లిథియం అయాన్లను బయటికి నెడతాయి. తర్వాత నీరు సిలికాన్, ఆక్సిజన్ బంధాలను ఒక్కొక్కటిగా తెంచుతుంది. బోరాన్ దాదాపు పూర్తిగా ద్రావణంలోకి వెళ్లిపోతుంది. సిలికాన్, అల్యూమినియం, జిర్కోనియం మాత్రం అంత సులువుగా పోవు. నీటిలో సిలికా నిండుతున్న కొద్దీ అవి గాజు ఉపరితలం మీదే మళ్లీ అల్లుకుని, నానోమీటర్ల సైజు రంధ్రాలున్న జెల్ పొరగా స్థిరపడతాయి. ఆ పొర బిగిసే కొద్దీ లోపలి గాజుకు నీరు చేరడం కష్టమవుతుంది. ఫ్రాన్స్ గాజు ఆర్7టీ7కు రేడియోధార్మికత లేని నమూనాగా తయారుచేసే సోన్68 మీద 90 డిగ్రీల దగ్గర జరిగిన పరీక్షల్లో ఈ దశకు వచ్చేసరికి వేగం తొలి వేగంలో సుమారు పదివేలో వంతుకు పడిపోతుంది. దీన్ని శేష వేగం అంటాం. మీ 650 ఏళ్లు ఆ వేగంతో 65 లక్షల ఏళ్లవుతాయి. పోసిన గాజు చల్లారేటప్పుడు పగులుతుంది కాబట్టి నీరు తగిలే ఉపరితలాన్ని పది రెట్లు చేసి చూసినా 6.5 లక్షల ఏళ్లు.

ఈ శేష వేగం సున్నా ఎందుకు కాదు, పొరలో సరిగ్గా ఏ భాగం రక్షణ ఇస్తుంది అన్నదాని మీద పరిశోధకుల్లో ఇంకా రెండు వర్గాలు ఉన్నాయి. పాత గాజు అస్థిపంజరమే నీళ్లు పట్టి, సర్దుకుని జెల్‌గా మారుతుందని ఒక వర్గం అంటుంది. గాజు పూర్తిగా కరిగి, ఆ అంచునే కొత్త సిలికాగా మళ్లీ ఏర్పడుతుందని రెండో వర్గం వాదన. గాజు కూర్పును, పరిస్థితులను బట్టి రెండూ జరగవచ్చని నా అభిప్రాయం. మీ ప్రశ్నకు మాత్రం ఈ వివాదం తేలనవసరం లేదు, ఎందుకంటే రెండు వాదనల్లోనూ రక్షణకు ఆధారం ఒకటే: సిలికా గాజు దగ్గరే ఉండాలి. నేను ఏ భూగర్భజలాన్ని చూసినా మొదట అడిగేది సిలికా జమాఖర్చు గురించే. గాజు నుంచి ఎంత సిలికా వస్తోంది, దాన్ని అక్కడి నుంచి ఎవరు ఎత్తుకుపోతున్నారు? ఉప్పునీటిలో ఉప్పు ఎంత అన్న ప్రశ్న దీని తర్వాతే.

అందుకే "ఉప్పునీరు" అని ఒకే మాట వాడితే దారి తప్పుతాం. ఉత్తి సోడియం క్లోరైడ్ సంగతి చూడండి. సంతృప్త ద్రావణంలో నీటి క్రియాశీలత (శుద్ధజలంలో 1) 0.75కు పడిపోతుంది, అంటే బంధాలు తెంచడానికి స్వేచ్ఛగా దొరికే నీరే తగ్గుతుంది. సిలికా ద్రావణీయత కూడా తగ్గుతుంది కాబట్టి ద్రావణం త్వరగా నిండుతుంది. ఇక క్లోరైడ్ అయాన్ సిలికా అల్లికను నేరుగా తెంచే రకం కాదు. పలుచటి ఉప్పునీటిలో తొలి వేగం కొంత పెరగవచ్చు. గాఢ ద్రావణంలో మంచినీటి కంటే తక్కువే కనిపించవచ్చు. ఇనుమును ఉప్పు తినేసినట్టే గాజునూ తినేస్తుందన్న ఊహతో ఈ రంగంలోకి వచ్చేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. అయినా ఉత్తి సోడియం క్లోరైడ్ మనల్ని కలవరపెట్టాల్సిన శత్రువు కాదు. కాల్షియం కూడా చాలాసార్లు జెల్‌లోకి చేరి దాన్ని బలపరుస్తుంది.

కలవరపెట్టేది మెగ్నీషియం. పీహెచ్ 8 చుట్టుపక్కలకు చేరగానే మెగ్నీషియం అయాన్లు నీటిలోని సిలికాతో కలిసి స్మెక్టైట్ వంటి బంకమట్టి ఖనిజాలుగా అవక్షేపిస్తాయి. దీనివల్ల రెండు నష్టాలు. మొదటిది, జెల్ కట్టడానికి కావలసిన సిలికా ఖనిజంలోకి వెళ్లిపోతుంది. దాంతో నీరు మళ్లీ ఆకలిగొంటుంది, గాజు మళ్లీ కరగాలి. రెండోది మరింత లోతైనది. మామూలుగా గాజు కరిగేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. మెగ్నీషియం ఖనిజం ఏర్పడేటప్పుడు మాత్రం ఒక్కో మెగ్నీషియం అయానుకు రెండు హైడ్రోజన్ అయాన్లు విడుదలై, ఆ పెరుగుదలను అణిచేస్తాయి. పీహెచ్ ఖనిజానికి అనుకూలమైన చోటే కుదురుకుంటుంది, మెగ్నీషియం ఉన్నంతకాలం ఈ ప్రక్రియ ఆగదు. మెగ్నీషియం అయిపోతే పీహెచ్ పెరిగి, సిలికా మళ్లీ నిండి, వేగం దిగుతుంది. ఈ ఎక్కడం, దిగడం ఒకే పరీక్షలో కళ్ల ముందు కనబడుతుంది. గాజు ఎంత కరిగిందో చూపే బోరాన్ వక్రరేఖ నిటారుగా ఎక్కి, మెగ్నీషియం గాఢత నేలకు చేరిన తర్వాత ఒరిగిపోతుంది.

ఎంత మెగ్నీషియం ఎంత గాజును తినగలదో చేతిలెక్కతోనే చూడవచ్చు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 53 మిల్లీమోల్స్ మెగ్నీషియం ఉంటుంది, అంటే 1.3 గ్రాములు. స్మెక్టైట్‌లో మూడు మెగ్నీషియం పరమాణువులకు నాలుగు సిలికాన్ పరమాణువులు ఉంటాయనుకుంటే, ఆ మెగ్నీషియం 4.2 గ్రాముల సిలికాను మింగుతుంది. గాజులో సిలికా 45 శాతం కాబట్టి అది 9 గ్రాముల పైచిలుకు గాజుతో సమానం. మెగ్నీషియం లేని లీటరు నీరు అయితే 90 డిగ్రీల దగ్గర సుమారు 0.3 గ్రాముల సిలికాతో నిండిపోతుంది, ఒక గ్రాము గాజు కూడా అక్కర్లేదు. తేడా పది రెట్లకు పైనే. జర్మనీ ఉప్పు నిక్షేపాల్లో కనిపించే మెగ్నీషియం క్లోరైడ్ గాఢ ద్రావణాల్లో మెగ్నీషియం సముద్రపు నీటికి పదుల రెట్లు ఉంటుంది. అక్కడ ద్రావణం ఆమ్లత్వం వైపు మొగ్గుతుంది కూడా. అప్పుడు జెల్‌లో ఆగిపోవాల్సిన అరుదైన మృత్తిక మూలకాలు, ఆక్టినైడ్లు (యురేనియం, ప్లుటోనియం వంటి భార మూలకాలు) ద్రావణంలోకి ఎక్కువగా వస్తాయి.

అమెరికాలోని న్యూమెక్సికోలో, కార్ల్స్‌బాడ్ దగ్గరి ఉప్పు పొరలో 1986లో మొదలుపెట్టి ఐదేళ్లు నడిపిన గాజు పరీక్షల్లో, 90 డిగ్రీలకు వేడిచేసిన గుంతల్లో ఉత్తి సోడియం క్లోరైడ్ బదులు మెగ్నీషియం దండిగా ఉన్న ద్రావణాన్ని పోయడానికి కారణం ఇదే. ఉప్పు గనిలో నీరు ఉండదులే అనుకోవడమూ సరికాదు. జర్మనీలోని ఆస్సే పాత ఉప్పు గనిలోకి రోజుకు సుమారు 12 ఘనపు మీటర్ల ఉప్పునీరు చేరుతోంది. అక్కడ ఉన్నవి తక్కువ, మధ్యస్థ తీవ్రత వ్యర్థాలు, గాజు దిమ్మలు కావు. కానీ ఉప్పు పొర అనగానే పొడిగా ఉంటుందన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

క్లోరైడ్ గాజును పెద్దగా ముట్టుకోదన్నాను. డబ్బాను మాత్రం వదలదు. స్టెయిన్‌లెస్ స్టీలు మీది రక్షణ పొరను క్లోరైడ్ చిన్న చిన్న గుంటలుగా ఛేదిస్తుంది. గాజుకూ స్టీలుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటే అక్కడ పరిస్థితి ఇంకా విషమిస్తుంది. సందులో కరిగిన ఇనుము, క్రోమియం అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. విద్యుదావేశం సరితూగడానికి బయటి నుంచి మరింత క్లోరైడ్ లోపలికి చేరుతుంది. ఓహైయో స్టేట్ యూనివర్సిటీ నాయకత్వంలోని బృందం 2020లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో దీన్నే చూపింది. సముద్రపు నీటికి దగ్గరి ఉప్పుదనం ఉన్న ద్రావణంలో, 90 డిగ్రీల దగ్గర, స్టీలుకు ఆనుకుని ఉన్న గాజు విడిగా ఉన్న గాజు కంటే చాలా ఎక్కువగా దెబ్బతింది. విడి గాజు ముక్కను శుభ్రమైన టెఫ్లాన్ పాత్రలో పెట్టి కొలిచే పరీక్షలకు ఈ సంగతి అసలు కనబడదు. ఆ విడి పరీక్షల అంకెలను నేరుగా నిల్వ స్థలానికి అంటగట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఓహైయో బృందం ఫలితాన్ని కూడా అతిగా అన్వయించకుండా చదవాలి. సందులో ఆక్సిజన్ తేడా మీద నడిచే ఆ తీవ్రత, మూసేసిన తర్వాత ఆక్సిజన్ ఖర్చయిపోయే లోతుల్లో అదే స్థాయిలో కొనసాగుతుందని అనుకోలేం. ఆక్సిజన్ లేకపోయినా ఇనుము మాత్రం మెల్లగా క్షయిస్తూ, సిలికాతో కలిసి ఇనుప సిలికేట్లుగా మారుతుంది. జమాఖర్చులో అది మెగ్నీషియం పక్కన రాయాల్సిన రెండో ఖర్చు.

జియోలైట్ల (సూక్ష్మ రంధ్రాలున్న అల్యూమినియం సిలికేట్ ఖనిజాల) సంగతి ముక్తసరిగా చెబుతాను. పీహెచ్ 10 దాటి, ఉష్ణోగ్రత కూడా ఎక్కువగా ఉంటే అనాల్సైమ్ వంటి జియోలైట్లు ఏర్పడి జెల్‌లోని అల్యూమినియంను లాగేసుకుంటాయి, దాంతో అణిగిన వేగం మళ్లీ ఎగుస్తుంది. కాంక్రీటు పక్కన ఉన్న గాజుకు ఇది పెద్ద సమస్య. మెగ్నీషియం ఉన్న ఉప్పునీటిలో పీహెచ్ అంత ఎత్తుకు పోదు కాబట్టి అక్కడ దీని ప్రాధాన్యం తక్కువ. రేడియేషన్ ప్రభావం కూడా క్షయ వేగం విషయంలో పై వాటితో పోలిస్తే చిన్నదే.

ఇన్ని వేల ఏళ్ల సంగతి కొన్ని ఏళ్ల పరీక్షతో ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావడం న్యాయమే. సోన్68ను 90 డిగ్రీల దగ్గర గ్రానైట్ నేల నీటిలో పాతికేళ్లు నానబెట్టిన పరీక్ష ఉంది. అంతకంటే పొడవైన సాక్ష్యం కావాలంటే సముద్రం అడుగున వెతకాలి. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఎంబియే దీవి దగ్గర మునిగిన రోమన్ ఓడలో ముడిగాజు దిమ్మలు దొరికాయి. మధ్యధరా సముద్రపు నీటిలో 1800 ఏళ్లున్న ఆ దిమ్మలు పోత గాజులాగే పగిలి ఉన్నాయి. 2008లో ప్రచురితమైన అధ్యయనంలో వాటిని అడ్డంగా కోసి చూశారు. సముద్రపు నీరు స్వేచ్ఛగా ఆడిన బయటి అంచులో, పెద్ద పగుళ్లలో క్షయం ఎక్కువ. దిమ్మ లోపలి సన్నని పగుళ్లలో చాలా తక్కువ. అక్కడ నీరు కదలక, ద్రావణం నిండి, పుట్టిన ఖనిజాలే పగుళ్లను పూడ్చేశాయి. పగుళ్లున్న గాజు అంటే ఉపరితలమంతా ఒకేలా కరుగుతుందని భయపడే వారికి ఇది నేరుగా ఇచ్చే జవాబు. ఆ గాజు బోరోసిలికేట్ కాదు, ఆ నీరు చల్లనిది. కాబట్టి వేగాల అంకెలను అక్కడి నుంచి ఎత్తుకు రాకూడదు, తీరు మాత్రం తీసుకోవచ్చు. పైన నేను వేసిన పది రెట్ల ఉపరితలం కూడా ఇదే కారణంగా జాగ్రత్త వైపు ఉన్న అంకె.

మీరు ప్రయోగం కూడా చేస్తానన్నారు కాబట్టి, ఉప్పునీటిలో కొలతలు ఎక్కడ మోసం చేస్తాయో చెప్పాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. గాజు ఎంత కరిగిందో తెలియడానికి అందరూ బోరాన్‌ను కొలుస్తారు, ఎందుకంటే అది ఖనిజాల్లో చిక్కుకోదు. కానీ సముద్రపు నీటిలో ముందే లీటరుకు 4.5 మిల్లీగ్రాముల బోరాన్ ఉంటుంది. మీ గాజు నుంచి వచ్చేది లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములైతే అది ఆ నేపథ్యంలో కలిసిపోతుంది. గాజులో లిథియం ఉంటే దాన్ని నమ్ముకోండి, సముద్రపు నీటిలో అది లీటరుకు 0.2 మిల్లీగ్రాముల లోపే. లేదా బోరాన్ కలపకుండా మీరే కృత్రిమ సముద్రపు నీరు తయారుచేసుకోండి. తర్వాత ఐసీపీ యంత్రం, అంటే ద్రావణాన్ని వేడి ప్లాస్మాలోకి చల్లి మూలకాలను కొలిచే పరికరం. గాఢ ఉప్పునీటిని అది నేరుగా మింగలేదు, ఉప్పు పేరుకుని నాజిల్ మూసుకుపోతుంది. వంద రెట్లు పలుచన చేస్తే యంత్రం నడుస్తుంది కానీ మీ సిలికా సంకేతమూ వంద రెట్లు పలుచబడుతుంది. ప్రామాణిక ద్రావణాలను కూడా అంతే ఉప్పుతో తయారుచేయకపోతే వచ్చే అంకెలకు విలువ లేదు.

పీహెచ్ మీటరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పలుచటి బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసిన ఎలక్ట్రోడును దాదాపు సంతృప్తమైన సోడియం క్లోరైడ్‌లో ముంచితే, అది చూపే అంకెకూ అసలు హైడ్రోజన్ అయాన్ గాఢతకూ దాదాపు 1 యూనిట్ వరకు తేడా ఉండవచ్చు. పీహెచ్ 8 దగ్గర మెగ్నీషియం ఖనిజం ఏర్పడుతుందా లేదా అని తేల్చాల్సిన చోట 1 యూనిట్ తేడా అంటే మొత్తం కథే మారిపోతుంది. ఆ ద్రావణంలోనే తెలిసిన మోతాదులో ఆమ్లం కలిపి, సవరణ విలువను ముందే కట్టుకోండి.

చివరికి నమూనాను బయటికి తీసినప్పుడు. కడగకుండా ఆరబెడితే ఉపరితలమంతా ఉప్పు పలుకులు పరుచుకుంటాయి. శుద్ధజలంతో కడిగితే ఆ పలుకులతోపాటు జెల్ రంధ్రాల్లో ఉన్న అయాన్లు కూడా పోతాయి, కూర్పు విశ్లేషణ తప్పుతుంది. నేనైతే ఒక ముక్కను కడిగి, ఒక ముక్కను కడగకుండా, రెండూ పక్కపక్కన చూస్తాను. ఆరుతున్నప్పుడు జెల్ కుంచించుకుపోయి బీటలు వారుతుంది, గాజు నుంచి లేచిపోతుంది కూడా. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది పొర ఊడిపోయి గాజు బయటపడ్డట్టే కనిపిస్తుంది. ఆ బీటల్లో స్మెక్టైట్ రేకులు మొలిచాయేమో చూడండి. అవి లేకపోతే ఆ బీట పరీక్ష పాత్రలో కాక మీ ఆరబెట్టే పెట్టెలో పుట్టి ఉండవచ్చు.

ఇక మీ లెక్కను ఎలా తిరగరాయాలి? తొలి వేగాన్ని పక్కన పెట్టి, మెగ్నీషియం ఎంత చొప్పున గాజు దగ్గరికి రాగలదో వేయండి. లోతు బంకమట్టిలో నీరు దాదాపు నిలిచే ఉంటుంది, అయాన్లు వ్యాపనం ద్వారానే, అంటే గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి మెల్లగా పాకుతూనే రావాలి. వ్యాపన గుణకం సెకనుకు 10⁻¹¹ చదరపు మీటర్లు, మట్టి మందం 1 మీటరు, అవతల సముద్రపు నీటంత మెగ్నీషియం ఉందనుకోండి. అప్పుడు చదరపు మీటరుకు ఏడాదికి 0.017 మోల్స్ మెగ్నీషియం చేరుతుంది. అది సుమారు 3 గ్రాముల గాజుకు సరిపోతుంది. మీ డబ్బాకు ఏడాదికి 5 గ్రాములు, అంటే మొత్తం గాజుకు సుమారు 80 వేల ఏళ్లు. వచ్చిన ప్రతి మెగ్నీషియం అయానూ వెంటనే ఖనిజంగా మారుతుందన్న కఠినమైన ఊహ మీద వచ్చిన అంకె ఇది. మొదటి కొన్ని వందల ఏళ్ల తర్వాత వ్యర్థాల వేడి తగ్గిపోతుంది, చల్లని నీటిలో ఆ ఖనిజాలు ఏర్పడే వేగమూ పడిపోతుంది, కాబట్టి వాస్తవం దీనికంటే మెరుగ్గానే ఉంటుంది. రాతిలో పగులు ఉండి నీరు పారుతుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు, అప్పుడు పారే నీటి పరిమాణంతో మళ్లీ వేయాలి. 400 కిలోల గాజులోని సిలికానంతా మింగాలంటే 42 వేల లీటర్లకు పైగా సముద్రపు నీటిలోని మెగ్నీషియం కావాలి.

80 వేల ఏళ్లు సరిపోతాయా అని మీరు అడుగుతారు. వేడికి కారణమైన సీజియం 137, స్ట్రాన్షియం 90లకు అర్ధజీవితం సుమారు 30 ఏళ్లే, అవి ఎప్పుడో అంతరిస్తాయి. టెక్నీషియం 99కు 2.1 లక్షల ఏళ్లు, నెప్ట్యూనియం 237కు 21 లక్షల ఏళ్లు. వీటిని గాజు ఒక్కటే ఆపలేదు. టెక్నీషియం, నెప్ట్యూనియంలు ఆక్సిజన్ లేని నీటిలో అతి తక్కువగా కరుగుతాయి, మట్టి వాటిని పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఉప్పు మనకు ఒక మేలు కూడా చేస్తుంది. ఆక్టినైడ్లను మోసుకుపోయే కొల్లాయిడ్ కణాలు (నీటిలో తేలాడే అతి సూక్ష్మ రేణువులు) ఉప్పునీటిలో గడ్డకట్టి కూర్చుంటాయి, మంచినీటిలోలా దూరం పోలేవు.

ప్రయోగానికి ఒక్కటే కోరతాను. ఒకే గాజుతో, ఒకే ఉష్ణోగ్రతలో మూడు పాత్రలు పెట్టండి: శుద్ధజలం ఒకటి, సముద్రపు నీటంత క్లోరైడ్ ఉన్న ఉత్తి సోడియం క్లోరైడ్ ఒకటి, అంతే క్లోరైడ్‌తో మెగ్నీషియం కూడా ఉన్నది ఒకటి. ఏడు రోజులకే ఆపేయకండి, కనీసం ఏడాది నడవనివ్వండి. మూడో పాత్రలో మెగ్నీషియం అయిపోయిన రోజును గుర్తించగలిగితే, ఆ రోజుకు ముందు, తర్వాత కొలిచిన లిథియం వేగాలు రెండూ నాకు పంపండి. మిగతా చర్చ వాటి మీదే చేద్దాం.